ఎఫ్‌యూటీ8 నాకౌట్ చేసినా ఎల్‌సీఏ బ్లాట్‌లో సిగ్నల్ పోవట్లేదు

హెక్293 సెల్స్‌లో (మనిషి కిడ్నీ సెల్ లైన్) క్రిస్పర్ జీన్ ఎడిటింగ్‌తో ఎఫ్‌యూటీ8 జీన్ నాకౌట్ చేశాం, అదేనండీ గోల్జీలో ఎన్-గ్లైకాన్ (ప్రోటీన్‌కి అతుక్కుని ఉండే చక్కెర గొలుసు) మొదలు దగ్గర ఆల్ఫా 1,6 బంధంతో ఫ్యూకోజ్ అనే చక్కెరని అతికించే ఎంజైమ్‌ది. సింగిల్ సెల్ క్లోనే, సాంగర్ సీక్వెన్సింగ్‌లో రెండు కాపీల్లోనూ ఫ్రేమ్‌షిఫ్ట్ క్లియర్‌గా ఉంది, వెస్టర్న్‌లో 66 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ కూడా లేదు. కానీ ఆ ఫ్యూకోజ్ ఉన్న గ్లైకాన్లని పట్టుకునే ఎల్‌సీఏ లెక్టిన్‌కి (లెక్టిన్ అంటే చక్కెరలకి అతుక్కునే ప్రోటీన్) బయోటిన్ తగిలించి బ్లాట్ చేస్తే సిగ్నల్ బాగా తగ్గింది తప్ప పూర్తిగా పోలేదు, 60, 70 మధ్యలో ఒక లావు బ్యాండ్ మాత్రం మొండిగా అలాగే కూర్చుంది.

ఎన్-గ్లైకాన్లని కోసేసే పీఎన్‌జేస్ ఎఫ్ ఎంజైమ్ వేస్తే అది పోతోంది కాబట్టి ఎన్-గ్లైకానే. లెక్టిన్ లేకుండా, బయోటిన్‌ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్ ఒక్కటే పెట్టిన లేన్ క్లీన్. లెక్టిన్ అతుక్కోకుండా పోటీకి మిథైల్ మానోసైడ్ వేసి చూశా, ఎల్‌సీఏకి మానోజ్ కూడా కావాలి కదా, మొత్తం సిగ్నల్ ఎగిరిపోయింది, దాంతో తేలేదేమీ లేదు. ఏఏఎల్ అనే ఇంకో లెక్టిన్ అయితే ఏ ఫ్యూకోజ్ దొరికినా పట్టుకుంటుంది, అది ఇంకా గందరగోళం.

మీడియాలో 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరమ్) ఉంది, లైసిస్‌కి ముందు పీబీఎస్‌తో బాగానే కడుగుతున్నా.

ఈ బ్యాండ్ సీరమ్ ప్రోటీన్లదా, లేక వేరే స్టార్ట్ కోడాన్ నుంచి ఎంజైమ్ కొంచెం మిగిలిందా అని తేల్చడానికి ఏ కంట్రోల్ పెట్టాలి?