రవాణా హెలికాప్టర్‌ని రెస్క్యూకి సిద్ధం చేయాలంటే ఏం మార్చాలి?

చిత్రావతి_గట్టు
2021 నవంబర్‌లో మా అనంతపురం జిల్లాలో చిత్రావతి పొంగినప్పుడు జేసీబీ మీద చిక్కుకుపోయిన 10 మందిని వైమానిక దళం ఎంఐ-17 వచ్చి తీసుకెళ్ళింది. సైనికుల్ని, సామాన్లని మోయడానికి పుట్టిన బండి అది. 2025 ఏప్రిల్‌లో ఎంఐ-17వీ5లకి ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ సూట్ (శత్రువు రాడార్లని, క్షిపణుల్ని పసిగట్టి తప్పించుకునే పరికరాలు) కోసం ప్రభుత్వ రంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్)తో రూ.2,385 కోట్ల ఒప్పందం కుదిరింది. యుద్ధంలో బతికి బయటపడటానికి అది కావాల్సిందే, కాదనను. మరి వరదలో వెతకాలన్నా, పైకి లాగాలన్నా దీనికి ఏమేం మార్చాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజు_ఏలూరు
ఇంజిన్ పెద్దది పెడితే సరిపోదా?

మాజీ_గన్నర్
రాజు గారూ, వీ5లో ఇంజిన్ బలంగానే ఉంది. 13 టన్నుల బరువుతో లేస్తుంది, 36 మందిని మోస్తుంది. ఇబ్బంది వేరే చోట ఉంది.

రిటైరయ్యేదాకా నా పని వించ్ దగ్గరే, అంటే తీగతో మనుషుల్ని పైకి లాగే యంత్రం దగ్గర. ఈ హెలికాప్టర్‌లో కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చుంటాడు, వించ్ కూడా ఎడమ తలుపు పైనే ఉంటుంది. అయినా సరిగ్గా కింద ఉన్న మనిషి ఆయనకి కనిపించడు. తలుపు దగ్గర బోర్లా పడుకుని నేను చెప్పాలి: "ముందుకి రెండు మీటర్లు... కుడికి ఒకటి... ఆపండి, అలాగే ఉంచండి." ఒక చేతికి తోలు గ్లవ్, అందులోంచి తీగ జారుతూ ఉంటుంది. కళ్ళకంటే ముందు ఆ చేతికే తెలుస్తుంది తీగ దేనికైనా తట్టుకుందా అని.

పాత ఎంఐ-8 వించ్ 150 కిలోలే లాగేది. ఒక మనిషి, వాడి తడి బట్టలు, అంతే. 300 కిలోల వించ్ వచ్చాక రక్షకుడూ బాధితుడూ కలిసి పైకి రావడం కుదిరింది. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. ఇంకోటి, కొక్కెం దిగగానే జనం ఆత్రంగా పట్టేసుకుంటారు. రెక్కలు తిరిగేటప్పుడు హెలికాప్టర్ ఒంటికి కరెంటు పడుతుంది. కొక్కెం ముందు నీటికో నేలకో తగలాలి, లేదంటే షాక్ గట్టిగా కొడుతుంది.

గాలి సంగతి సరేసరి. పైన తిరిగే రోటర్ వెడల్పు 21 మీటర్ల పైనే. రేకుల ఇంటి మీద కిందికి వస్తే రేకులు లేచిపోతాయి. ఎత్తులో నిలబడాలంటే తీగ పొడుగ్గా ఉండాలి, తీగ పొడుగైతే కింద మనిషి గిరగిరా తిరుగుతాడు. 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని దేవ్‌ఘర్ దగ్గర త్రికూట్ రోప్‌వేలో జనం చిక్కుకుపోయినప్పుడు చూశారుగా. చాలామందిని కాపాడారు, కానీ హెలికాప్టర్‌తో తీసే క్రమంలోనే ఇద్దరు పడి చనిపోయారు.

డేగా_డేస్
మా వైజాగ్ కథ కొంచెం వేరు. నౌకాదళ ఓడ ఐఎన్ఎస్ జలాశ్వతో పాటు 2007లో అమెరికా నుంచి యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు వచ్చాయి. నిజానికి అవి జలాంతర్గాముల్ని వేటాడే సీకింగ్‌లు. సోనార్ (నీటిలో శబ్దంతో జలాంతర్గాముల్ని వెతికే పరికరం) పీకేసి ఆ చోటుని మనుషులకి, సామాన్లకి ఇచ్చారు. 2024 జూన్‌లో వాటికి వీడ్కోలు చెప్పేదాకా రెస్క్యూకి అవే వెళ్ళేవి. అందుకే అంటాను, ఏం తగిలించాలో చూసేముందు ఏం తీసేయాలో చూడాలి.

ఇప్పుడు వైజాగ్‌లోని నౌకాదళ వైమానిక స్థావరం డేగాలో ఏఎల్‌హెచ్ (ధ్రువ్) మార్క్-3 హెలికాప్టర్లు ఉన్నాయి, రాడార్, కెమెరా, తీసి పెట్టుకునే ఐసీయూతో సహా. కానీ 2025 జనవరిలో గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో ఒక ఏఎల్‌హెచ్ కూలాక ఏఎల్‌హెచ్‌లన్నీ నెలల తరబడి నేల మీదే ఉండిపోయాయి. ఒకే రకాన్ని నమ్ముకుంటే ఇదే టెన్షన్.

ఆదిభట్ల_లక్ష్మి
మా ఆదిభట్లలో టాటా వాళ్ళు సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు తయారుచేశారు. బ్రిటన్ కోస్ట్‌గార్డ్ రెస్క్యూకి వాడిన వాటిలో ఎస్-92లూ ఉన్నాయి. ఇక్కడి రేకు అక్కడి సముద్రం మీద ఎగిరిందంటే ముచ్చటే కదా!

అబర్డీన్_బాబాయ్
లక్ష్మీ, ఆ ఎస్-92లని మా ఆఫ్‌షోర్ డ్రిల్స్‌లో దగ్గర్నుంచి చూశానమ్మా. రెండు వించ్‌లు ఉంటాయి, ఒకటి మొరాయిస్తే రెండోది. ఆటోపైలట్ దానంతటదే ఒక చోట నిలబెడుతుంది. వించ్ మనిషి దగ్గర చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది, దాంతో హెలికాప్టర్‌ని తనే కొద్దిగా జరుపుకుంటాడు. గన్నర్ గారు చెప్పిన "కుడికి ఒకటి" అనే మాటలు సగం తగ్గుతాయి.

మాజీ_గన్నర్
అబ్బ, ఆ జాయ్‌స్టిక్ మా రోజుల్లో ఉంటేనా!

శ్రీను_నంద్యాల
లాగడం సరే, ముందు కనిపించాలి కదా. 2009 సెప్టెంబర్ 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో తప్పిపోతే సుఖోయ్‌లు కూడా వెతికాయి. చివరికి మర్నాడు ఉదయం వెలుతురులో వైమానిక దళ హెలికాప్టర్లకి శకలాలు కనిపించాయి. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి ఉపగ్రహాలు 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లని (ప్రమాదంలో రేడియో సంకేతం పంపే పరికరాలు) వినడం మానేశాయి, 406 మెగాహెర్ట్జ్‌వి మాత్రమే వింటాయి. దగ్గరికొచ్చాక దారి పట్టుకోవడానికి 121.5 ఇప్పటికీ పనికొస్తుంది. కాబట్టి రెండూ పట్టే రిసీవర్, రాత్రి వేడిని చూసే కెమెరా ఉండాలి. నా ఓటు వించ్ కంటే ముందు వీటికే.

చిత్రావతి_గట్టు
ఇంధనం సంగతి ఎవరూ ఎత్తలేదేం?

డేగా_డేస్
అమెరికా వాళ్ళు బ్లాక్‌హాక్‌ని రెస్క్యూ కోసం హెచ్‌హెచ్-60డబ్ల్యూగా మార్చినప్పుడు లోపలి ట్యాంకు సుమారు 1,360 లీటర్ల నుంచి దాదాపు 2,500కి పెంచారు. ఎంఐ-17లో అయితే 915 లీటర్ల అదనపు ట్యాంకు క్యాబిన్‌లోనే కూర్చుంటుంది. 12 స్ట్రెచర్లు పట్టే చోటులో కొంత దానికిందే పోతుంది. సముద్రం మీదకైతే తప్పదు. వరదకి వద్దు, దగ్గర్లోనే దిగి నింపుకోవచ్చు.

రాజు_ఏలూరు
గన్నర్ గారూ, పైకి లాగేటప్పుడు బెల్టా, బుట్టా?

మాజీ_గన్నర్
స్పృహలో ఉండి, దెబ్బలు లేని పెద్దవాళ్ళకి బెల్టు చాలు. అందులో ఉండి భయంతో చేతులు పైకెత్తితే మాత్రం కిందికి జారిపోతారు, అందుకే వీలైతే రక్షకుడు పక్కనే వేలాడుతూ పట్టుకుంటాడు. పసిపిల్లలకి, ముసలివాళ్ళకి బుట్టే.