తక్కువ ఖర్చుతో దేశాలు తిరిగేటప్పుడు పొదుపు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు?

కాకినాడ బాటసారి (చర్చ మొదలుపెట్టినవారు)

పదేళ్లుగా ఏడాదికో దేశం చొప్పున తిరుగుతున్నాను. ప్యాకేజీ టూరు ఎప్పుడూ తీసుకోలేదు. హాస్టల్లో మంచం, లోకల్ బస్సు, వీపు మీద ఒక బ్యాగు. ఎంత తక్కువలో తిరిగొచ్చానో నలుగురికీ చెప్పుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. ఒక రాత్రి తర్వాత అది మానేశాను. ఆ సంగతి చెప్పి మీ అభిప్రాయం అడుగుదామని రాస్తున్నాను.

2019 అక్టోబరులో నేనూ నా స్నేహితుడూ నేపాల్లో అన్నపూర్ణ సర్క్యూట్ నడిచాం, అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే కొండదారి అది. మనాంగ్ అనే ఊరి దాకా జీపులు వస్తాయి. అది దాటితే రోడ్డు లేదు. బియ్యం, గ్యాసు, గుడ్లు, ఏదైనా సరే కంచరగాడిదల మీదో మనుషుల వీపు మీదో పైకి చేరాలి. దారి పొడుగునా నడిచేవాళ్లు బస చేసే చిన్న ఇళ్లుంటాయి, టీ హౌసులంటారు. వాటిలో ఒక పద్ధతి ఉంది. రాత్రి భోజనం, పొద్దున టిఫిను వాళ్ల దగ్గరే తింటే గది అద్దె నామమాత్రం. ఒక్కోచోట అసలు తీసుకోరు. వాళ్లకు నాలుగు డబ్బులు మిగిలేది భోజనం మీదే.

నాలుగు వేల మీటర్ల ఎత్తులో యాక్ ఖర్కా అనే చోట ఆగాం. భోజనం ఇక్కడే చేస్తామని చెప్పి గది ఉచితంగా తీసుకున్నాం. రాత్రి మెనూలో దాల్ భాత్ ధర చూశాక, కింద బేసిసహర్‌లో కొనుక్కున్న నూడుల్స్ ప్యాకెట్లు తీసి వేడినీళ్లు మాత్రం అడిగాం. ఆ ఇంటావిడను అందరూ దీదీ అంటున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. నీళ్లు కాచి తెచ్చి మా గిన్నెల్లో పోసింది.

పొద్దున బిల్లు అడిగితే చిన్న నోటుపుస్తకం తెరిచి చూపించింది. మా గది నంబరు కింద ఒకే ఒక్క పద్దు, వేడినీళ్లు. మేం గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటుంటే కింది నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. పదిహేడేళ్లుంటాయేమో. నుదుటికి నామ్లో పట్టీ, దాని ఆధారంతో వీపు మీద బియ్యం బస్తా, బస్తా పైన గ్యాసు సిలిండరు. దించాక నుదుటి మీద పట్టీ గుర్తు ఎర్రగా, లోతుగా పడి ఉంది. దీదీ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, అదే పుస్తకంలో ఎదురు పేజీలో రాసుకుంది. ఒక పేజీలో మా వేడినీళ్లు, ఎదురు పేజీలో అతని కూలి. అప్పుడు కూడా వెనక్కి వెళ్లి డబ్బివ్వాలని తోచలేదు నాకు. అదే ఇప్పటికీ బాధిస్తుంది.

నా మాట ఇదీ: చౌకగా తిరగాలంటే మన సుఖంలో కోత పెట్టుకోవాలి. ఏసీ, సొంత గది, తొందరగా చేరడం, ఇలాంటివి వదులుకోవాలి. బేరమాడి గానీ, ఎగ్గొట్టి గానీ ఎదుటి మనిషి కూలిలో కోత పెట్టి మిగిల్చుకున్నది పొదుపు కాదు. మీరేమంటారు?

వరంగల్ నుంచి వియత్నాం

అన్నా, నేపాల్లో మీరు చేసింది తప్పే, కాదనను. కానీ దాన్ని పట్టుకుని అన్ని చోట్లా బేరమాడటమే పాపం అన్నట్టు రాస్తే ఒప్పుకోను.

మన పాస్‌పోర్టుతో బయల్దేరేవాడి ఖర్చు ఇల్లు దాటకముందే మొదలవుతుంది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. రిజెక్ట్ అయితే ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, అపాయింట్‌మెంట్ కోసం హైదరాబాద్ ప్రయాణం. అదే జర్మనీ కుర్రాడు ఆసియాలో చాలా దేశాల్లో టికెట్ కొనుక్కుని దిగిపోతాడు. ఇద్దరికీ ఒకే నీతి అంటే ఎలా?

నేను 2024 ఫిబ్రవరిలో వియత్నాం వెళ్లాను. రెండేళ్లు జీతంలో పక్కన పెట్టిన డబ్బది. ఈ-వీసా 25 డాలర్లు, 24 రోజులు, ఊరి నుంచి ఊరికి రాత్రి స్లీపర్ బస్సులే. హనోయి పాత బజార్లో 3 లక్షల డాంగ్ (అక్కడి డబ్బు) చెప్పిన జాకెట్టు లక్షా 20 వేలకు ఇచ్చాడు. నష్టానికి ఎవడూ అమ్మడు కదా. నేను నోరు మూసుకుని అడిగినంత ఇచ్చి ఉంటే అది దయ ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. అక్కడ 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగే. మొదటి రోజు రాత్రి మసక వెలుతురులో బండి దిగి, డ్రైవరుకు 20 వేలనుకుని 5 లక్షల నోటిచ్చాను. మన డబ్బుల్లో సుమారు 1,700. అతను నోటు చూశాడు, నా మొహం చూశాడు, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తలసరి ఆదాయంలో వియత్నాం మనకంటే పైనే ఉంది. ఎదుటివాడు ఎప్పుడూ బీదవాడు, మనం ఎప్పుడూ ఉన్నవాళ్లం అనుకోవడం కూడా ఒక రకమైన గర్వమే అన్నా.

విజయనగరం పిల్ల, బెర్లిన్

కాకినాడ బాటసారి గారూ, "మన సుఖంలో కోత పెట్టుకోవాలి" అన్నారు. మీరు సుఖం అంటున్న వాటిలో సగం మా ఆడవాళ్లకు సుఖాలు కావు, అవసరాలు.

నేను చదువుకోసం జర్మనీ వచ్చాను. రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి జార్జియా దేశానికి వేరే వీసా అక్కర్లేకపోయింది. అక్కడి కుటాయిసి నగరానికి చౌక విమానాలు ఎక్కువగా వేళకాని వేళల్లో దిగుతాయి. నాది తెల్లవారుజామున రెండింటికి దిగింది. టాక్సీ డబ్బు మిగులుతుందని తెల్లారేదాకా ఎయిర్‌పోర్టు కుర్చీలోనే కూర్చుందామనుకున్నాను. ఖాళీ కుర్చీలు బోలెడు ఉండగా ఒకతను వచ్చి పక్కనే కూర్చున్నాడు. లేచి వేరే చోటికి మారితే అక్కడికీ వచ్చాడు. మూడోసారి మారాక సెక్యూరిటీ గార్డుకు ఎదురుగా నిలబడే ఉన్నాను, వెలుగు వచ్చేదాకా. అప్పటి నుంచి రాత్రి దిగితే గెస్ట్‌హౌస్ వాళ్లనే బండి పంపమంటాను. ఆడవాళ్ల డార్మిటరీకి నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకుంటాను. ఆ డబ్బు తిండిలోనో, ఊళ్లు తగ్గించుకోవడంలోనో సర్దుకోవాలి. "ఏముంది, స్టేషన్లో పడుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఇది ఆలోచించాలి.

బేరం గురించి నాకు పెద్దగా పట్టింపు లేదు. అక్కడ ఊళ్ల మధ్య తిరిగే మార్ష్రుత్కా వ్యాన్లు మన షేర్ ఆటోల్లాగే నిండితేగానీ కదలవు, ఛార్జీ అందరికీ ఒకటే. నన్ను ఇబ్బంది పెట్టింది దానికి వ్యతిరేకమైన సమస్య. స్వానేతి కొండల్లో మెస్తియాలో నేను దిగిన ఇంటి పెద్దావిడ, భోజనం మాట్లాడుకోకపోయినా రాత్రి పిలిచి తష్మిజాబి పెట్టింది. ఉడికించిన బంగాళాదుంపల్లో చీజ్ వేసి, గరిటెతో ఎత్తితే తీగలా సాగేదాకా కలుపుతారు. డబ్బివ్వబోతే నా చెయ్యి పక్కకు నెట్టేసింది. రెండోసారి ఇవ్వబోతే మొహం ముడుచుకుంది. అమ్మ పంపిన అరకు కాఫీ పొడి బ్యాగులో ఉంటే పొద్దున అది ఇచ్చాను. వాసన చూసి, అప్పటికప్పుడే చిన్న గిన్నెలో మరిగించి మొదటి కప్పు నాకే ఇచ్చింది. ఇది ఎవరి ఖాతాలో రాయాలి?

కొండపల్లి ఇంటివాడు

నేను దేశాలు తిరిగినవాణ్ని కాదు. కానీ బేరం అవతలి వైపు పుట్టి పెరిగాను. మా ఇంట్లో కొండపల్లి బొమ్మలు చేస్తారు.

తెల్ల పొణికి కర్ర తెచ్చి ఆరబెట్టాలి. చెక్కిన భాగాలను సన్నని సెగ మీద కాచి తడి పోగొట్టాలి. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతకాలి, తర్వాత సున్నం, ఆ తర్వాత రంగు. ఇంత పని ఉన్న బొమ్మకు మేం చెప్పే మొదటి ధరలో బేరానికి కొంత కలిపే చెప్తాం. కొనేవాడు తగ్గించమంటే కోపం రాదు. పొద్దున్నే బోణీ బేరమైతే మేమే తగ్గిస్తాం. నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడి, మధ్యలో ఒక ధరకు కుదిరి వెళ్లినవాడు మాకు మంచి గిరాకీనే. కాబట్టి వరంగల్ తమ్ముడు జాకెట్టు దగ్గర చేసిన దాంట్లో నాకు తప్పు కనపడలేదు.

మనసుకు కష్టమనిపించేది వేరే. అంబారీ ఏనుగును గంటసేపు తిప్పి తిప్పి చూసి, ధర కుదిరి, కాగితంలో చుట్టాక "ఇంకో యాభై తగ్గించు" అనేవాళ్లు ఉంటారు. అక్కడ పోయేది యాభై కాదు, ఇచ్చిన మాట. బాటసారి గారు నేపాల్లో చేసింది బేరం కిందికి రాదు. అక్కడ ధర గురించి మాటే రాలేదు. భోజనం మీ ఇంట్లోనే అని చెప్పి గది తీసుకున్నారు, తినలేదు. దాన్ని మా ఊళ్లో మాట తప్పడం అంటారు. మీరు మీ తప్పును సరిగ్గానే గుర్తించారు గానీ దానికి వేరే పేరు పెట్టారనిపిస్తోంది.

పెట్టేబేడా

బేరం సంగతి సరే. హాస్టల్లో రోజుకు నాలుగైదు గంటలు పనిచేసి మంచం ఉచితంగా తీసుకునే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు. చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద అలా చేయడం కూడా పని కిందే లెక్క, పట్టుబడితే వెనక్కి పంపేస్తారు. పైగా ఆ పక్కలు మార్చే పని అక్కడి మనిషి జీతానికి చేసేది. ఇది ఆలోచించాకే నేను మానుకున్నాను.

కాకినాడ బాటసారి

కొండపల్లి గారూ, మీ మాట రాత్రంతా తలలో తిరిగింది. మాట తప్పడమే. ఆరేళ్లుగా డబ్బు లెక్కగా చూస్తున్నానుగానీ ఆ వైపు నుంచి చూడలేదు.

విజయనగరం అమ్మాయి చెప్పింది కూడా తలవంచి ఒప్పుకుంటున్నాను. స్టేషన్లో పడుకోమని ఇదివరకు చాలామందికి సలహా ఇచ్చాను. అందులో ఆడవాళ్లు ఉన్నారో లేదో కూడా చూసుకోలేదు. మెస్తియా పెద్దావిడ విషయంలో మీరు చేసినదానికంటే బాగా నేను చెప్పలేను.

కానీ వరంగల్ తమ్ముడి పాస్‌పోర్టు వాదన దగ్గర మాత్రం ఆగుతాను. వీసా బాధ నిజం, నేనూ పడ్డాను. అయితే ఆ రుసుము వసూలు చేసింది ఎవరు? ఏదో దేశపు ప్రభుత్వం. దాన్ని ఇంకో దేశంలో టీ అమ్ముకునే మనిషి దగ్గర రాబట్టుకోవడం ఏం న్యాయం? పైగా మన పాస్‌పోర్టు అన్ని చోట్లా మనకు నష్టమే చేయదు. అన్నపూర్ణ ప్రాంతంలో అడుగుపెట్టే పర్మిట్ మిగతా విదేశీయులకు 3,000 నేపాలీ రూపాయలైతే మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వాళ్లకు 1,000. అంటే మన డబ్బుల్లో 625. భూటాన్‌లో రాత్రికి ఒక్కొక్కరు కట్టే రుసుము ఇతరులకు 100 డాలర్లు, మనకు 1,200 రూపాయలు. అప్పుడు మనం "జర్మనీ కుర్రాడితో సమానంగా తీసుకోండి" అనం.

విదేశీయుడికి ఒక ధర, స్థానికుడికి ఒక ధర అనేది మోసమని కూడా చాలామంది అంటుంటారు. గోల్కొండ కోటలో మనకు 25, విదేశీయులకు 300. తాజ్ మహల్లో మనకు 50, వాళ్లకు 1,100. అది మనకు మామూలుగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ కోట నిలబెట్టుకునే పన్నులు మనవి. ఆంగ్‌కోర్ వాట్‌లో ఒక రోజు టికెట్ 37 డాలర్లు, కంబోడియా వాళ్లకు ఉచితం. అక్కడ క్యూలో నిలబడి నేను కూడా గొణుక్కున్నాను. ఇంటికొచ్చాక గోల్కొండ గుర్తొచ్చింది.

వరంగల్ నుంచి వియత్నాం

వీసా డబ్బు టీ కొట్టు దగ్గర రాబట్టుకోకూడదు అన్న మాట తగిలింది, ఒప్పుకుంటున్నా. ఆ లెక్క నాలో ఉంది, లేదనను.

కానీ ఒకటి వదలను. ధరల పట్టీ లేని చోట బేరం మన హక్కు. మాటామాటా కలిసేది కూడా అక్కడే. హోయి ఆన్ బజార్లో లాంతర్లు అమ్మే ఆవిడతో అరగంట క్యాలిక్యులేటర్ మీద అంకెలు కొట్టుకుంటూ బేరమాడాం. భాష రాదు, ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి ఆవిడే స్టూలు వేసి కూర్చోబెట్టి, లాంతరు మడతపెట్టే పద్ధతి నేర్పింది. అడిగినంత ఇచ్చేసి ఉంటే రెండు నిమిషాల్లో బయటికొచ్చేవాణ్ని. పట్టీ ఉన్న చోట, మాట ఇచ్చిన చోట, కూలి మనుషుల దగ్గర బేరమాడకూడదు. అంతవరకు మీతో ఉన్నాను.

మొదటిసారి వెళ్తున్నాను

ఇదంతా చదివాక ఒక ప్రశ్న. వచ్చే అక్టోబరులో అన్నపూర్ణ వైపే వెళ్దామనుకుంటున్నాను. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లకు గైడు తప్పనిసరి అన్నారు కదా. గైడు ఖర్చు వేసుకుంటే నా బడ్జెట్ దాటిపోతోంది. రోజులు తగ్గించుకోవాలా, గైడు లేకుండా వెళ్లిపోవాలా? తిండికి ఎంత పెట్టుకోవాలి?

కాకినాడ బాటసారి

రోజులు తగ్గించుకోండి తమ్ముడూ. ఇంకో ఇద్దరిని కలుపుకుంటే గైడు ఖర్చు మూడు భాగాలవుతుంది. అతని రోజు కూలి ముందే మాట్లాడుకుని, ఆ అంకె మీద మళ్లీ నోరెత్తకండి. ఎత్తు పెరిగేకొద్దీ మెనూలో ధరలు పెరుగుతాయి, అవి ఊరి కమిటీలు పెట్టిన రేట్లు. కాబట్టి తిండి డబ్బు కింద ఊళ్ల లెక్కతో వేయకండి, దానికి రెట్టింపు ఉంచుకోండి. మనాంగ్‌లో ఒక రోజు అదనంగా ఆగండి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడకుండా 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ వైపు పరిగెత్తితే ప్రాణం మీదకు వస్తుంది.

నూడుల్స్ ప్యాకెట్లు మోసుకెళ్లకండి. రాత్రి దాల్ భాత్ చెప్పండి. అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లయినా మారు వడ్డిస్తారు. యాక్ ఖర్కాలో ఆగితే, దారికి ఎడమ వైపు నీలం కిటికీల ఇల్లు ఒకటి ఉండేది. ఇంకా ఉంటే నాకు ఒక్క మాట రాయండి. దీదీకి ఇవ్వమని మీతో కొంత డబ్బు పంపాలి.