ఆయిల్ లైటు మినుకుమంటోంది: ముందు స్విచ్ మార్చాలా, ప్రెజర్ కొలవాలా?

మధురవాడ_చక్రం:
మాస్టార్లూ, ఈ సంగతి తేల్చండి. పెట్రోలు కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. ఇంజన్ బాగా వేడెక్కాక విశాఖలో మద్దిలపాలెం, ఎన్‌ఏడీ లాంటి చోట సిగ్నల్‌కి ఆగితే మీటర్ బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటుంది. కాస్త రేసింగ్ ఇస్తే ఆరిపోతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. ఆ లైటుని వెలిగించే ఆయిల్ ప్రెజర్ స్విచ్‌కి ఒకే వైరు. స్విచ్ మార్చేస్తే సరిపోతుందని కొందరు, ఇంజన్ పని అయిపోయిందని కొందరు అంటున్నారు. ఎవరి మాట ముందు వినాలి?

పాత_పాన:
ముందు స్విచ్ మార్చండి. ధర వందల్లోనే ఉంటుంది, పని అరగంట. లోపల పలచటి డయాఫ్రమ్ పొర ఉంటుంది, అది ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చిట్లుతుంది. కప్లర్, అంటే స్విచ్‌కి వైరు తగిలించే ప్లగ్గు, లాగి చూడండి. పిన్ను చుట్టూ నల్లగా ఆయిల్ ఊరి ఉంటే ఇక చర్చ అక్కర్లేదు, స్విచ్ పోయినట్టే. మార్చాక లైటు ఆరిందా, సమస్య తీరింది.

ఆటోనగర్_గేజ్:
పిన్ను దగ్గర ఆయిల్ ఊరితే స్విచ్ పోయినట్టే, అక్కడిదాకా మీతో ఏకీభవిస్తాను. "లైటు ఆరితే సమస్య తీరింది" అన్నది మాత్రం ఒప్పుకోను. ఇంజన్లు పోయేది ఆ మాట నమ్మే.

ఒక్క వైరు స్విచ్ ప్రెజర్ లేనప్పుడు వైరుని బాడీకి ఎర్త్ చేస్తుంది, లైటు వెలుగుతుంది. ప్రెజర్ రాగానే ఎర్త్ తెగుతుంది, లైటు ఆరుతుంది. ఆ తెగే హద్దు చాలా బళ్లలో 0.3 నుంచి 0.5 బార్ (ప్రెజర్ కొలిచే యూనిట్). బాగున్న ఇంజన్ వేడి మీద స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) కూడా సుమారు 1 బార్ ఇస్తుంది. అంటే లైటు వెలిగేసరికే మామూలు ప్రెజర్‌లో సగానికి పడిపోయినట్టు.

ఇప్పుడు అసలు మెలిక. పాత స్విచ్ 0.5 దగ్గర తెగే రకం, కొత్తది 0.3 దగ్గర తెగే రకం అనుకోండి. ఇంజన్‌లో ప్రెజర్ 0.4 ఉంది. స్విచ్ మార్చగానే లైటు ఆరుతుంది. ప్రెజర్ అదే 0.4. బేరింగులు అరుగుతూనే ఉంటాయి, చెప్పే లైటు మాత్రం నోరు మూసుకుంది. వేడి మీద స్లోలో వెలగడం, రేసింగ్‌తో ఆరడం అనే లక్షణం నిజంగా ప్రెజర్ తగ్గిన ఇంజన్‌దే ఎక్కువసార్లు. ప్రెజర్ కొలిచే గేజ్ పెట్టకుండా స్విచ్ మార్చకండి.

కంచరపాలెం_కరెంటు:
ఇద్దరూ వైరుని వదిలేశారు. పాన పట్టక ముందే రెండు నిమిషాల పరీక్ష ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి, లైటు వెలగాలి. కప్లర్ లాగండి, లైటు ఆరాలి. ఆరకపోతే వైరు ఎక్కడో తొడుగు ఒరిసి బాడీకి తగులుతోంది. ఇంజన్ మౌంటు దగ్గర, క్లిప్పు ఊడి బ్రాకెట్ అంచు మీద వాలిన చోట చూడండి. ఎలకలు కొరికే పార్కింగ్ అయితే బ్యాటరీ ట్రే కింద కూడా. తర్వాత లాగిన కప్లర్ పిన్నుని చిన్న వైరుతో ఇంజన్ బాడీకి తాకించండి, లైటు మళ్లీ వెలగాలి. వెలగకపోతే వైరు తెగింది, లేదా మీటర్ బోర్డులో లోపం.

రుషికొండ_రోడ్డు:
మన ఊళ్లో ఉప్పు గాలికి కప్లర్లన్నీ చిలుము పడతాయి కదా. బీచ్ రోడ్డులో ఉండే బళ్లకి లైటు ఊరికే వెలగడానికి అదే కారణం అంటారు.

కంచరపాలెం_కరెంటు:
ఒక్క వైరు స్విచ్ విషయంలో అది తిరగేసిన మాటండీ. పచ్చ చిలుము కరెంటుని ఆపుతుంది. ఎర్త్ సరిగ్గా అందకపోతే ఈ లైటు వెలగదు. అంటే ఉప్పు గాలి చేసే హాని దొంగ లైటు కాదు, వెలగాల్సినప్పుడు వెలగకపోవడం. అదింకా ప్రమాదం. అందుకే భీమిలి రోడ్డు, హార్బర్ వైపు తిరిగే బళ్లకి రోజూ స్టార్ట్ చేసే ముందు తాళం ఆన్‌లో ఆ ఎర్ర బొమ్మ వెలిగిందా లేదా చూసే అలవాటు ఉండాలి.

మధురవాడ గారి లక్షణానికి వస్తే, వైరు తప్పయితే లైటు గతుకుకి, వానకి, ఇంజన్ కదలికకి లోబడుతుంది. వేడికి, ఆర్‌పీఎంకి ఇంత కచ్చితంగా లోబడదు. కాబట్టి వైరు పరీక్ష చేసి పక్కన పెట్టి, గేజ్ గారి దారిలో వెళ్లండి.

పాత_పాన:
సరే, కానీ ఒక్క లైటు కోసం గేజ్ ఉన్న షెడ్డు వెతుక్కోవడం అందరికీ కుదురుతుందా?

ఆటోనగర్_గేజ్:
గేజ్ పెట్టాల్సింది మీరు స్విచ్ విప్పే కన్నంలోనే మాస్టారూ. స్విచ్ ఎలాగూ విప్పుతున్నారు, అదనంగా పది నిమిషాలు. 0 నుంచి 10 బార్ గేజ్, హోసు, సరైన అడాప్టర్ ఉంటే చాలు.

అడాప్టర్ దగ్గర తొందర వద్దు. జపాన్, కొరియా వరసలో చాలా ఇంజన్లకి ఎనిమిదోవంతు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర కొలత) టేపర్ మర, అంటే చివరికి సన్నబడే మర, అంగుళానికి 28 చుట్లు. అదే సైజులో అమెరికన్ పైపు కొలత ఎన్‌పీటీ మర 27 చుట్లు. చేత్తో రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, సరిపోయిందనుకుని పానతో బిగిస్తే అల్యూమినియం బ్లాకులో మర పోతుంది. యూరప్ బళ్లలో ఎక్కువగా ఎం10, 1 మి.మీ. పిచ్. విప్పిన స్విచ్ పక్కన అడాప్టర్ పెట్టి, మర మీద మర ఆనించి చూడండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే అది వేరే మర.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాలి. హోసు బెల్టుకీ, ఎగ్జాస్ట్‌కీ తగలకుండా కట్టండి. స్లోలో ఒకసారి, 3000 ఆర్‌పీఎంలో ఒకసారి చదవండి. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ, అంటే 0.7 బార్, అన్నది పాత కొండగుర్తు. కొత్త ఇంజన్లలో రెండు దశల ఆయిల్ పంపు కావాలనే ప్రెజర్ తగ్గిస్తుంది, వాటికి ఆ లెక్క పనికిరాదు. ఆ బండి సర్వీస్ మాన్యువల్ అంకెతోనే పోల్చాలి.

అన్నిటికంటే మేలు టీ జాయింటు. ఒక కొమ్మకి గేజ్, ఒక కొమ్మకి పాత స్విచ్. గేజ్ 1.2 చూపిస్తుండగా లైటు వెలిగితే తప్పు స్విచ్‌దే. ముల్లు 0.4కి దిగినప్పుడే లైటు వెలిగితే స్విచ్ తన పని తాను చేస్తోంది, దాన్ని తిట్టకండి.

మధురవాడ_చక్రం:
ముల్లు నిజంగానే 0.4 దగ్గర ఉంటే? నేరుగా బేరింగులేనా?

ఆటోనగర్_గేజ్:
కాదు, చవకైన వాటి నుంచి మొదలుపెట్టండి. స్లో ఆర్‌పీఎం ఎంత? ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ మసిబారి 750 ఉండాల్సింది 550కి పడితే అదొక్కటే చాలు లైటు మినుకుమనడానికి. తర్వాత ఆయిల్ గ్రేడు, వయసు. ఆ తర్వాత ఫిల్టర్. తర్వాత చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి, పంపు ఆయిల్ పీల్చే స్ట్రెయినర్ జాలీకి గసి పట్టిందా, ఎక్కువైన ప్రెజర్‌ని వదిలే పంపు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందా చూడాలి. బేరింగు చివరిది. బీఎస్-6 డీజిల్ అయితే డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతోందా, డీజిల్ వాసన వస్తోందా కూడా చూడండి. డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) శుభ్రపడేటప్పుడు డీజిల్ చాంబర్‌లోకి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది.

అరకు ఘాట్ మలుపుల్లో మాత్రమే లైటు వెలిగే బండికి ఇవేవీ వద్దు, ముందు మట్టం చూడండి. ఆయిల్ తక్కువై పక్కకి ఒరిగితే స్ట్రెయినర్ గాలి పీలుస్తుంది.

రుషికొండ_రోడ్డు:
ఒక్క వైరు స్విచ్ బదులు మూడు వైర్ల ప్రెజర్ సెన్సర్ అయితే?

కంచరపాలెం_కరెంటు:
అక్కడ ఉప్పు గాలి మాట నిజమవుతుంది. ఒక వైరు 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కప్లర్ తీసి, తాళం ఆన్‌లో 5 వోల్టుల పిన్నుకి మల్టీమీటర్ పెట్టండి, 4.9 నుంచి 5.1 మధ్య ఉండాలి. బల్బు టెస్టర్ పెట్టకండి, అది లాగే కరెంటుకి ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) దెబ్బతినొచ్చు. 5 వోల్టులు లేకపోతే వైరునే అనుమానించకండి. ఆ లైను మీదే ఉన్న ఇంకో సెన్సర్ షార్టయి దీన్నీ లాగేస్తూ ఉండొచ్చు. ఒక్కొక్కటే పీకి చూడండి.

కప్లర్ తిరిగి పెట్టి, ఇంజన్ నడుస్తుండగా ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ నెగటివ్‌కి కొలిస్తే 0.1 వోల్టు దాటకూడదు. చిలుము పట్టిన ఎర్త్ ఇక్కడే దొరుకుతుంది, సిగ్నల్‌ని తప్పు చెప్పిస్తుంది. సిగ్నల్ సాధారణంగా ఇంజన్ ఆపి ఉంటే 0.5 వోల్టు దగ్గర, ప్రెజర్‌తో పాటు పెరిగి గరిష్ఠంగా 4.5. లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0522 వస్తే సిగ్నల్ వోల్టేజీ తక్కువ, పీ0523 అయితే ఎక్కువ, రెండూ సర్క్యూట్ సంగతులు. పీ0524 మాత్రం ప్రెజరే తక్కువని. ఆ కోడ్‌కి గేజ్ లేకుండా సెన్సర్ కొనకండి.

వైరు తొడుగుకి సూదితో కన్నం పెట్టి కొలవొద్దు. మన గాలికి ఆ కన్నంలోంచే తేమ దిగి లోపలి రాగి నల్లబడుతుంది. కప్లర్ వెనక నుంచి పిన్ను పక్కన దూర్చండి. రిపేరు చేస్తే మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసి, సోల్డర్ పెట్టి, లోపల జిగురున్న స్లీవ్ వేసి కాల్చండి. ఇన్సులేషన్ టేపు ఒక్క వానాకాలం కూడా ఆగదు.

పాత_పాన:
టీ జాయింటు మాట ఒప్పుకున్నాను. కొత్త స్విచ్‌కి టెఫ్లాన్ టేపు చుట్టొచ్చా?

ఆటోనగర్_గేజ్:
ఒక్క వైరు స్విచ్‌కి వద్దు. దాని ఎర్త్ మర ద్వారానే అందుతుంది. టేపు మందంగా చుడితే ఎర్త్ తెగి లైటు అసలు వెలగకపోవచ్చు, తెగిన పోగు ఆయిల్ దారిలోకీ పోతుంది. టేపర్ మరకి మొదటి రెండు చుట్లు వదిలి, ద్రవ సీలెంట్ పలచగా రాయండి. వాషర్ ఉన్న నేరు మరకి ఏదీ రాయకండి, వాషర్ కొత్తది వేయండి. బిగింపు చాలా వాటికి 12 నుంచి 15 న్యూటన్ మీటర్లే. బిగించాక తాళం ఆన్‌లో లైటు వెలగాలి, స్టార్టయిన రెండు మూడు సెకన్లలో ఆరాలి. పది నిమిషాలు నడిపి, స్విచ్ మొదట్లో తెల్ల గుడ్డతో తుడిచి చూడండి.