జంతువుల కంటి వైద్యంలో నిపుణులు కావాలంటే డిగ్రీ తరువాత ఏం చేయాలి?

ప్రశ్న (పశువైద్య విద్యార్థి)
పశువైద్య డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కంటి వైద్యంలోనే స్థిరపడాలని ఉంది గానీ, డిగ్రీ పూర్తికాగానే రెసిడెన్సీకి (నిపుణులయ్యేందుకు ఇచ్చే శిక్షణకు) దరఖాస్తు చేయవచ్చో, కొంతకాలం సాధారణ ప్రాక్టీసు చేయాలో తేల్చుకోలేకపోతున్నాను. సూక్ష్మ శస్త్రచికిత్సకు నా చేయి పనికివస్తుందా అన్న సందేహం కూడా ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (కంటి నిపుణులు)
నేరుగా రెసిడెన్సీలో చేరడం సాధారణంగా కుదరదు. జంతువుల కంటి నిపుణులకు గుర్తింపునిచ్చే అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఆఫ్తల్మాలజిస్ట్స్ పద్ధతిలో, డిగ్రీ తరువాత అన్ని విభాగాల్లోనూ తిరిగే 1 సంవత్సరం ఇంటర్న్‌షిప్ గానీ దానికి సమానమైన అనుభవం గానీ ఉండాలి. ఆ తరువాత నిపుణుల పర్యవేక్షణలో సుమారు 3 సంవత్సరాల రెసిడెన్సీ, దానిపై బోర్డు పరీక్షలు ఉంటాయి. సీట్లు చాలా తక్కువ కాబట్టి, చాలామంది మధ్యలో కంటి విభాగంలోనే మరో ఇంటర్న్‌షిప్ చేస్తారు. సాధారణ ప్రాక్టీసు చేస్తే కాలం వృథా అవుతుందని నేను అనుకోను.

జవాబు 2 (సాధారణ ప్రాక్టీసు నుంచి ఈ విభాగానికి వచ్చినవారు)
పై మాటతో ఏకీభవిస్తూ ఒక్కటి చేరుస్తాను: పరీక్షించే క్రమాన్ని ఇప్పుడే అలవాటు చేసుకోండి. కంట్లో ఏ చుక్కలూ వేయకముందే కన్నీటిని కొలిచే షిర్మర్ కాగితపు పట్టీని కింది రెప్పలో ఉంచి, 1 నిమిషంలో ఎంత తడిసిందో చూడాలి. కుక్కలో 15 మిల్లీమీటర్లు, అంతకు మించి తడిస్తే కన్నీరు సరిపడా ఉన్నట్టే. మత్తు చుక్కలు వేశాక ఈ కొలతను నమ్మలేము. కంటి ఒత్తిడిని కూడా కనుపాపను పెద్దది చేసే ట్రోపికమైడ్ వేయకముందే కొలవాలి, ఎందుకంటే గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్న కంట్లో ఆ మందు ఒత్తిడిని ఇంకా పెంచవచ్చు. (పక్షుల సంగతి వేరు: వాటి కనుపాప చుట్టూ ఉండే ఐరిస్‌లో చారల కండరం ఉన్నందున ట్రోపికమైడ్ పనిచేయదు.)

జవాబు 3 (రెసిడెంట్)
చేయి గురించి బెంగ పెట్టుకోకండి. కుక్క కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. 8-0 లేదా 9-0 అనే అతి సన్నని దారంతో వేసే కుట్టు అందులో లోతుగా దిగాలి, అవతలికి పొడుచుకుపోకూడదు. మైక్రోస్కోపు కింద వధశాల నుంచి తెచ్చిన పంది కళ్ల మీద సాధన చేస్తే ఇది వస్తుంది. నాకు కష్టమనిపించేది ఆపరేషన్ చేయాలా వద్దా అన్న నిర్ణయమే. శుక్లం తీసే ముందు ఎలక్ట్రోరెటినోగ్రామ్ (వెలుగుకు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే పరీక్ష) చేసి, కంటి వెనుక వెలుగును గ్రహించే పొర అయిన రెటీనా పనిచేస్తోందో లేదో చూస్తాము. పని చేయకపోతే ఎంత చక్కగా శుక్లం తీసినా చూపు రాదు. మధుమేహంతో శుక్లం వచ్చిన కుక్క అయితే, ఆపరేషన్ తరువాత వారాల తరబడి రోజుకు పలుమార్లు చుక్కలు వేయగల ఓపిక యజమానికి ఉందో లేదో కూడా తెలుసుకోవాలి. ఆ మాటలు రాబట్టడం నాకు సాధారణ ప్రాక్టీసులోనే అబ్బింది.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. ముందు రొటేటింగ్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేస్తాను. మైక్రోస్కోపు అందుబాటులో లేనప్పుడు లూప్‌తో (కళ్లకు పెట్టుకునే భూతద్దంతో) సాధన మొదలుపెట్టవచ్చా?

జవాబు 3
సూది పట్టుకోవడం, ముడి వేయడం వంటివాటికి లూప్ సరిపోతుంది. కార్నియా కుట్లకు మాత్రం మైక్రోస్కోపు ఉండాల్సిందే.