51 కిలోల బరిలో నిఖత్, నీతూ తలపడితే ఎవరిది పైచేయి?

ప్రశ్న (హనుమకొండ):
2023లో ఢిల్లీ ప్రపంచ మహిళల బాక్సింగ్ చాంపియన్‌షిప్‌లో నిఖత్ జరీన్ 50 కిలోలలో, నీతూ ఘంఘాస్ 48 కిలోలలో స్వర్ణాలు గెలిచారు. వీరిద్దరూ 51 కిలోలలో తలపడితే మన నిజామాబాద్ అమ్మాయికి ఎక్కడ ఇబ్బంది ఎదురవుతుందంటారు?

జవాబు (కరీంనగర్):
నీతూది ఎడమచేతి వాటం కాబట్టి, ముందు పాదాన్ని ప్రత్యర్థి పాదానికి బయటివైపు ఎవరు నిలుపుకుంటారన్నదే అసలు విషయమండీ. ఆ చోటు దక్కినవారికి వెనుక చేతి పంచ్ నేరుగా తగిలే దారి తెరుచుకుంటుంది. నిఖత్ అక్కడ ఓపిక పట్టాలి.

జవాబు (నిజామాబాద్):
ఉన్నవి మూడు నిమిషాల చొప్పున మూడే రౌండ్లు గనుక, తొలి రౌండ్ చేజారితే ఐదుగురు జడ్జీల దగ్గర కోలుకోవడం కష్టం. మా ఊరి బిడ్డ అన్న అభిమానాన్ని పక్కన పెట్టి చూసినా, దూరం నుంచి పంచ్ విసిరి తప్పుకోవడంలో నిఖత్‌దే మెరుగని నా నమ్మకం.

జవాబు (వరంగల్):
దగ్గరి పోరులో మాత్రం నా మొగ్గు నీతూ వైపే.