పర్యావరణ సంస్థల్లో యువతకు నిజంగా మాట చెల్లాలంటే ఏం చేయాలి?

ప్రశ్న

నేను ఒక చిన్న పర్యావరణ స్వచ్ఛంద సంస్థకు కార్యదర్శిని. మా కార్యక్రమాల్లో చెమటోడ్చేవారిలో ఎక్కువ మంది పాతికేళ్లలోపు వారే అయినా, ఏ పని ఎక్కడ చేపట్టాలో, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో తేల్చే కార్యవర్గంలో మాత్రం యాభై దాటినవారమే ఉన్నాం. ఈ లోటు తీర్చాలని గత ఏడాది పందొమ్మిదేళ్ల విద్యార్థినిని యువ ప్రతినిధిగా తీసుకున్నాం. ఆమె నాలుగు సమావేశాలకు వచ్చి, ఆ తర్వాత మానేశారు. మినిట్స్ పుస్తకం తిరగేస్తే నాలుగు చోట్లా ఒకే వాక్యం కనిపించింది: "యువ ప్రతినిధి కూడా మాట్లాడారు." ఏం మాట్లాడారో ఎక్కడా లేదు. రాసింది నేనే. ఇప్పుడు యువజన సలహా మండలిని విడిగా పెట్టడం మేలా, కార్యవర్గంలోనే ఓటుతో కూడిన స్థానాలు ఇవ్వడం మేలా?

మొదటి సమాధానం

మీరు రాసిన ఆ ఒక్క వాక్యంలోనే రోగం తెలిసిపోతోంది. పిల్లల భాగస్వామ్యం గురించి పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి ఉంది. అందులో కింది మూడు మెట్లు, అంటే పిల్లలను తమ పనికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, నామమాత్రంగా కూర్చోబెట్టడం అనేవి అసలు భాగస్వామ్యమే కావని ఆయన తేల్చారు. మీరు మూడో మెట్టు మీద ఆగిపోయారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం కూడా అభిప్రాయం చెప్పనిస్తే చాలదనీ, వయసుకూ పరిణతికీ తగినట్టుగా దానికి విలువ ఇవ్వాలనీ అంటుంది. మండలా, స్థానమా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

రెండో సమాధానం

ఇలాంటి కుర్చీలో రెండేళ్లు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. ఎజెండా కాగితాలు ముందురోజు రాత్రి వచ్చేవి. ముప్పై పేజీల లెక్కలు చదివి అర్థం చేసుకునేసరికి సమావేశం అయిపోయేది. పనిదినాన పదకొండు గంటలకు పెడితే తరగతి ఎగ్గొట్టి రావాలి, ప్రయాణ ఖర్చు చేతినుంచే పెట్టుకోవాలి. అన్నిటికంటే కష్టమైన సంగతి ఒంటరిగా ఉండటం. పదిమంది పెద్దల మధ్య ఒక్కరే ఉంటే ప్రతి మాటా "మీ తరం ఏమనుకుంటోందంటే" అన్న లెక్కలోకి పోతుంది. కనీసం ఇద్దరిని తీసుకోండి, కాగితాలు వారం ముందు పంపండి, వారు ఇచ్చిన ప్రతి ప్రతిపాదనకూ ఒప్పుకున్నామనో లేదనో కారణంతో సహా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. బడ్జెట్‌లో కొంత మొత్తాన్ని పూర్తిగా వారి నిర్ణయానికే వదిలిపెట్టగలిగితే, పొరపాటు చేసే అవకాశం కూడా వారికి దక్కుతుంది.

మూడో సమాధానం

ఓటు ఇచ్చే ముందు మీ నియమావళినీ, వర్తించే చట్టాన్నీ చూసుకోండి. ట్రస్టీ లేదా కార్యవర్గ సభ్య పదవితో పాటు అప్పులు, ఒప్పందాల బాధ్యత కూడా వస్తుంది కాబట్టి చాలాచోట్ల 18 ఏళ్లు నిండనివారిని అనుమతించరు. వారి కోసం సలహా మండలి ఉండవచ్చు, కానీ దాని తీర్మానాలు కార్యవర్గం ఎజెండాలోకి తప్పనిసరిగా రావాలన్న నియమం రాసుకోకపోతే, అది వేరే గదిలో పెట్టిన అలంకారమే అవుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ చర్చల్లో కూడా యువజన సంఘాలకు పరిశీలక హోదా, మాట్లాడే అవకాశం ఉన్నాయి కానీ, నిర్ణయం దేశాలదే.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. రెండు స్థానాల ప్రతిపాదన వచ్చే సమావేశంలో పెడుతున్నాను. అంతకంటే ముందు, ఆ నాలుగు సమావేశాల్లో ఆమె ఏమన్నారో నాకు గుర్తున్నంత మేరకు రాసి, సరిచూడమని ఆమెకే పంపుతున్నాను. ఒకటి మాత్రం బాగా గుర్తుంది. నాటిన మొక్కల సంఖ్య కాకుండా, రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాటి సంఖ్యను వార్షిక నివేదికలో ప్రకటించమన్నారు. మేం తలలూపి తర్వాతి అంశానికి వెళ్లిపోయాం.