లినక్స్ డిస్ట్రో ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది డెస్క్‌టాప్‌నా, అప్‌డేట్ల పద్ధతినా?

కొత్తకీబోర్డు:
విండోస్ 10కి 2025 అక్టోబర్‌లో సపోర్ట్ ఆగిపోయింది. నా లాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు, అందుకే లినక్స్‌కి మారదామనుకుంటున్నా. 8 జీబీ ర్యామ్, ఎన్విడియా జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు. బ్రౌజర్, డాక్యుమెంట్లు, కొంచెం పైథాన్, అప్పుడప్పుడు గేములు, అంతే నా పని. డిస్ట్రోల్లో, అంటే లినక్స్ రకాల్లో, ఒకరు మింట్ అంటారు, ఒకరు ఆర్చ్ అంటారు, ఇంకొకరు ముందు డెస్క్‌టాప్ (మెనూలు, విండోలు కనిపించే తీరు) తేల్చుకో అంటారు. దేన్ని బట్టి ఎంచుకోవాలి?

స్థిరచిత్తం:
స్క్రీన్‌షాట్లు చూసి మాత్రం ఎంచుకోకండి. గ్నోమ్, ప్లాస్మా, సినమన్ లాంటి డెస్క్‌టాప్‌లు దాదాపు ప్రతి పెద్ద డిస్ట్రోలోనూ దొరుకుతాయి, నచ్చకపోతే మార్చుకోవచ్చు. మీ చేతిలో లేనిది అప్‌డేట్ల పద్ధతి. డెబియన్ సుమారు రెండేళ్లకో వెర్షన్ ఇస్తుంది, మధ్యలో భద్రతా ప్యాచ్‌లు, ముఖ్యమైన బగ్‌ల సవరణలే వస్తాయి. ఫెడోరా ఆరు నెలలకొకటి, ఒక్కోదానికి సుమారు 13 నెలలే సపోర్ట్. ఆర్చ్‌కి వెర్షన్లే లేవు, వచ్చింది వచ్చినట్టు దిగుతూనే ఉంటుంది. మీకు నా ఓటు మింట్ 22 సిరీస్. ఉబుంటు 24.04 మీద కట్టారు, 2029 దాకా నడుస్తుంది.

రోలింగ్‌రాజు:
మళ్లీ మొదలు! స్థిరచిత్తం గారూ, కొత్త హార్డ్‌వేర్‌కి పాత కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ మూలభాగం) ఇస్తే వైఫై కూడా రాని సందర్భాలు ఉన్నాయి. ఆర్చ్ వేసుకుంటే ఏది ఎందుకు ఉందో తెలుస్తుంది, ఆర్చ్ వికీలో లేని సమాధానం అరుదు. పైగా వెర్షన్ మార్చాల్సినప్పుడల్లా ఉండే టెన్షన్ ఉండదు.

స్థిరచిత్తం:
ఆయనది కొత్త హార్డ్‌వేర్ కాదు కదా బ్రో. 1050 అంటే పాస్కల్ అనే పాత తరం కార్డు. ఎన్విడియా 590 డ్రైవర్ నుంచి పాస్కల్‌ని తీసేసింది. ఆర్చ్‌లో ఆ అప్‌డేట్ దిగాక పాస్కల్ ఉన్నవాళ్లు మామూలు ప్యాకేజీ తీసేసి, ఏయూఆర్ (ఆర్చ్ వాడేవాళ్లే ప్యాకేజీలు పెట్టే చోటు) నుంచి పాత 580 డ్రైవర్ తెచ్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా వచ్చినవాడు ఆ రోజు నల్ల స్క్రీన్ చూసి ఏం చేయాలి?

రోలింగ్‌రాజు:
ఆ సంగతి ఆర్చ్ హోంపేజీలో వార్తగా పెట్టారు. అప్‌డేట్ కొట్టేముందు రెండు నిమిషాలు చదవడం పెద్ద కష్టమా?

స్థిరచిత్తం:
మీకూ నాకూ కాదు. ఆయనకి అవసరమా అన్నదే ప్రశ్న.

ఊసరవెల్లి:
రోలింగ్ (వెర్షన్లు లేకుండా అప్‌డేట్లు దిగుతూనే ఉండే పద్ధతి) అంటే ఆర్చ్ ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ మామూలుగా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద ఎక్కుతుంది, ప్రతి అప్‌డేట్‌కీ ముందూ వెనకా స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పుడున్న స్థితి) తీసుకుంటుంది. ఏదైనా చెడితే బూట్ మెనూలోనే పాత స్నాప్‌షాట్ ఎంచుకుని లోపలికి వెళ్లొచ్చు. మింట్‌లో స్నాప్‌షాట్లకి టైమ్‌షిఫ్ట్ ఉంది నిజమే, కానీ మీరు సెట్ చేసుకోవాలి, సిస్టమ్ అసలు లేవకపోతే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) వెతుక్కోవాలి.

గళ్లచొక్కా:
డెస్క్‌టాప్ మార్చుకోవచ్చు అనడం తేలిక. ఒకదాని మీద ఇంకొకటి వేస్తే మెనూలో రెండేసి సెట్టింగ్స్, రెండేసి ఫైల్ మేనేజర్లు చేరతాయి. ఏది కావాలో ముందే తేల్చుకుని దానితోనే వచ్చే ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) దించుకోవడం నయం. రెండు మానిటర్లకి వేర్వేరు స్కేలింగ్ (అక్షరాలు, ఐకాన్ల సైజు) కావాలంటే వేలాండ్ (స్క్రీన్ మీద విండోలు చూపించే కొత్త పద్ధతి) మీద గ్నోమ్ గానీ ప్లాస్మా గానీ తీసుకోండి. తేలికైన డెస్క్‌టాప్ అని ఎక్స్‌ఎఫ్‌సీఈ కోసం ఎగబడకండి, 8 జీబీలో ర్యామ్ తినేది ఎలాగూ బ్రౌజరే. గేముల విషయం ఒక్క ముక్క: వాలరెంట్ లాంటివాటి యాంటీచీట్ లినక్స్‌ని రానివ్వదు, ఏ డిస్ట్రో వేసినా అంతే.

కొత్తకీబోర్డు:
నాకు ఒకటే స్క్రీన్, వాలరెంట్ ఆడను. అప్‌డేట్ ముందు వార్తలు చదివే ఓపిక, నిజం చెప్పాలంటే, లేదు. మింట్ లైవ్ యూఎస్‌బీ నుంచి చూశా. వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ కీలు అన్నీ ఓకే. మూత మూసి తెరిస్తే మాత్రం స్క్రీన్ వెలగడం లేదు.

స్థిరచిత్తం:
లైవ్‌లో మామూలుగా నడిచేది ఎన్విడియా సొంత డ్రైవర్ కాదు, ఓపెన్‌సోర్స్ నూవో డ్రైవర్, కారణం అదే కావచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది సిఫారసు చేసిన ఎన్విడియా డ్రైవర్ పెట్టి, రీస్టార్ట్ చేసి మళ్లీ మూత మూసి చూడండి. హోమ్‌కి (మీ ఫైళ్లుండే ఫోల్డర్‌కి) డిస్క్‌లో వేరే పార్టిషన్ ఇవ్వండి, రేపు రాజు గారి మాట విని ఆర్చ్‌కి వెళ్లినా ఫైళ్లు కదిలించక్కర్లేదు.

రోలింగ్‌రాజు:
వస్తారు, చూస్తుండండి :)